కుంటి బాలుడు పిల్లల వైద్యుడైన వైనము
డాక్టర్ విలియం జాన్ లిటిల్ గారి జీవితము (1810–1894)



ఈ సంచికలో ఒక వైద్యుని జీవితమును మీ ముందు ఉంచుతున్నాము. ఆయన మన దేశస్థుడు కారు, మిషనరీ కూడా కారు. అయినను ఆయన కథ మన ఇండ్లకు చాలా దగ్గరది. ఎందుకు దగ్గరదో తెలియాలంటే ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది.

1990ల ఆరంభములో మేము ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా ఉన్నాము. పత్తి విడిపించే పనికి ఈ నల్లరేగడి ప్రాంతమునకు వలస వచ్చి, ఇక్కడనే నిలిచిపోయిన తెలుగు కుటుంబములు అప్పటికే చాలా ఉన్నవి. అట్టి కుటుంబములోని ఒక తల్లి ఏడేండ్ల కొడుకును చంకనెత్తుకొని బడికి వచ్చింది. బాలుని కాళ్ళు రెండూ కర్రల వలె బిగుసుకొని, నిలబెడితే కత్తెర వలె ఒకదానిమీద ఒకటి పడుతున్నవి. మాట ముద్దగా వస్తున్నది. నోటివెంట కారే జొల్లును తల్లి కొంగుతో తుడుస్తూ, వాడి పేరు రిజిస్టరులో వ్రాయమని బతిమాలింది. వీడికి బుద్ధి లేదని ఒక్క చూపులోనే తీర్పు తీర్చి, మేము ఆమెను తిప్పి పంపివేశాము.

వీధిలోని వారు అంతకంటె కఠినముగా మాట్లాడారు. కడుపుతో ఉండి గ్రహణములో బయట తిరిగిందని కొందరు, చేసుకున్న పాపమని కొందరు అన్నారు. మన సంఘములోని వారు కూడా కొందరు, యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్ననే అడిగారు గాని, ప్రభువు చెప్పిన జవాబును జ్ఞాపకము చేసుకొనలేదు.

ఆ తల్లికి రెండు రాత్రులు నొప్పులు వచ్చి, బిడ్డ నీలముగా పుట్టి, చాలసేపు ఏడ్వలేదన్న సంగతి మాకు తరువాత తెలిసింది. ఆనాడు బడి గుమ్మములో ఆమె ఆ మాటే చెప్పబోయింది. మేము వినలేదు. అట్టి తల్లుల మాటను విని, వ్రాసిపెట్టి, పెద్ద వైద్యుల యెదుట నిలబడి చదివిన మనిషి ఒకరు 1861లోనే లండన్ పట్టణములో ఉన్నారు. ఆయనే డాక్టర్ లిటిల్.

సత్రములో పుట్టిన బాలుడు

విలియం జాన్ లిటిల్ గారు 1810 ఆగస్టు 7వ తేదీన లండన్ తూర్పు భాగములోని ఆల్డ్‌గేట్ అను చోట జన్మించారు. తలిదండ్రులు అక్కడ రెడ్ లయన్ అను పూటకూళ్ళ సత్రమును నడిపేవారు. పసితనములోనే ఆయనకు పోలియో సోకి ఎడమ కాలు చచ్చుపడింది. పిక్క కండరములు ముడుచుకొనిపోయి, మడమ పైకి లేచి, పాదము లోపలికి తిరిగిపోయింది. తోటి పిల్లలు పరుగెత్తుతుంటే ఆయన కుంటుతూ వెనుకబడేవారు. వంకర పాదముగల పిల్లవాని బ్రతుకు ఎట్లుంటుందో ఆయన పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు.

చదువులో మాత్రము ఆయన వెనుకబడలేదు. ఇంగ్లాండులో కొంత చదివి, ఫ్రాన్సు దేశములోని సెయింట్ ఓమెర్ పాఠశాలకు వెళ్ళి, ఫ్రెంచి భాషను బాగుగా నేర్చుకున్నారు. పదహారేండ్ల వయసులో ఆల్డ్‌గేట్‌లోనే ఒక మందుల వైద్యుని వద్ద శిష్యునిగా చేరారు. 1828లో లండన్ హాస్పిటల్‌లో వైద్య విద్యార్థి అయ్యారు. 1832లో శస్త్రవైద్యుల పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. తన కాలిని తానే బాగుచేసుకొనవలెనన్న పట్టుదలయే ఆయనను ఈ విద్యలోనికి నడిపించిందని చెప్పవచ్చును.

పరదేశములో దొరికిన స్వస్థత

అట్టి పాదమును సరిచేయుటకు ఒక మార్గము తోచుచుండెను గాని, దానికి అందరూ భయపడేవారు. పిక్కను మడమతో కలిపే గట్టి తాడు వంటి స్నాయువు ఒకటున్నది. అది పొట్టిదైపోయి మడమను పైకి లాగుతుంది. దానిని కోస్తే మడమ దిగివస్తుంది. 1816లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు డెల్పెక్ అట్లు కోశారు గాని, గాయము చీము పట్టింది. గాయములు కుళ్ళకుండ కాపాడే పద్ధతి అప్పటికి ఎవరికీ తెలియదు. గనుక ఇంగ్లాండులోని పెద్దలు ఆ మాట ఎత్తవద్దని లిటిల్ గారిని వారించారు.

ఆయన ఊరుకొనలేదు. జర్మనీ దేశమునకు వెళ్ళి బెర్లిన్‌లో చదువు సాగించారు. అక్కడ ఉండగా, హనోవర్ పట్టణములో లూయీ స్ట్రోమేయర్ అను వైద్యుడు ఆ స్నాయువును క్రొత్త విధముగా కోస్తున్నారని తెలిసింది. ఆ వైద్యుడు చర్మమును పెద్దగా చీల్చేవారు కారు. సన్నని కత్తిని చిన్న రంధ్రము గుండా లోపలికి పోనిచ్చి, చర్మము క్రిందనే స్నాయువును తెంచేవారు. గాలి తగలదు గనుక గాయము త్వరగా మానేది. కొన్ని దినములైన తరువాత పాదమును పలకకు కట్టి, రోజుకు కొంచెము చొప్పున సరియైన స్థితికి తెచ్చేవారు. తెగిన చోట క్రొత్త పదార్థము పెరిగి స్నాయువు తిరిగి కలుసుకొనేది.

1836లో లిటిల్ గారు హనోవర్ వెళ్ళి తన కాలును ఆ వైద్యునికి అప్పగించారు. శస్త్రచికిత్సకు ఈథరు మత్తు లోకమునకు తెలిసినది 1846లో గనుక, ఆయన ఆ కోతను స్పృహలో ఉండియే ఓర్చుకున్నారు. పాదము నేలమీద చదునుగా నిలిచింది. ఆయన నడచుకుంటూ బెర్లిన్‌కు తిరిగి వచ్చినప్పుడు, అంతవరకు ఆ పద్ధతిని నమ్మని ప్రసిద్ధ శస్త్రవైద్యుడు డీఫెన్‌బాక్ ఆశ్చర్యపడి, తాను కూడ దానిని చేయ మొదలుపెట్టారు.

ఊరు విడిచి, భాష మార్చుకొని, ముఖము తెలియని వారి చేతిలో మేలు పొందుట అంటే ఏమిటో మనవంటి వలస కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు. లిటిల్ గారు ఆ మేలును మరువలేదు. తరువాత తన కుమారునికి లూయీ స్ట్రోమేయర్ లిటిల్ అని పేరు పెట్టుకున్నారు.

పేదల కొరకు ఆసుపత్రి

1837లో వంకర పాదము గురించి లాటిను భాషలో సిద్ధాంత గ్రంథము వ్రాసి, బెర్లిన్‌లో వైద్య పట్టమును పొందారు. ఆ ఏడే లండన్‌కు తిరిగి వచ్చి, ఫిబ్రవరి 20న ఆ పద్ధతిలో మొదటి శస్త్రచికిత్స చేశారు. 1838లో స్నేహితుల సహాయముతో, అవిటి కాళ్ళుచేతులుగల వారి నిమిత్తము లండన్‌లో ఒక వైద్యశాలను స్థాపించారు. తరువాత దానికి రాయల్ ఆర్థోపీడిక్ హాస్పిటల్ అని పేరు వచ్చింది. 20వ శతాబ్దపు ఆరంభములో అది మరి రెండు ఆసుపత్రులతో కలిసిపోయి, నేటికీ రాయల్ నేషనల్ ఆర్థోపీడిక్ హాస్పిటల్ అను పేరుతో నడుస్తున్నది. 1839లో వంకర పాదముపై ఆయన ఆంగ్లములో ఒక గ్రంథమును ప్రచురించారు. తాను చదివిన లండన్ హాస్పిటల్‌లోనే 1845 నుండి 1863 వరకు వైద్యులుగా పనిచేశారు. బుద్ధిమాంద్యముగల వారి కొరకు ఎర్ల్స్‌వుడ్‌లో పెట్టిన ఆశ్రమమునకు కూడ వెళ్ళి చూచుచుండేవారు.

బిగుసుకున్న కాళ్ళు చెప్పిన సంగతి

తన వైద్యశాలకు వచ్చే పిల్లలను చూచుచుండగా లిటిల్ గారికి ఒక తేడా కనబడింది. కొందరి కాలు తన కాలు వలె మెత్తబడి సన్నగిల్లినది. మరి కొందరి కాళ్ళు సన్నగిల్లలేదు, బిగుసుకున్నవి. మోకాళ్ళు దగ్గరకు వచ్చి, మడమలు పైకి లేచి, చేతులు ముడుచుకొని, కొందరికి మాట కూడ తడబడుతున్నది.

ఈ తేడాను మనకు తెలిసిన రీతిగా చెప్పుకుందాము. పోలియోలో వెన్నుపాములోని నాడీకణములు చెడిపోతాయి. కండరమునకు ఆజ్ఞ అందదు గనుక అది మెత్తబడి ఎండిపోతుంది. ఈ రెండవ రకపు పిల్లలలో దెబ్బ తగిలినది మెదడుకు. కండరము బాగుగానే ఉంటుంది గాని, దానిని అదుపులో ఉంచవలసిన పై అధికారి దెబ్బ తిన్నాడు. కళ్ళెము లేని ఎద్దు వలె కండరము ఎల్లప్పుడు బిగబట్టియే ఉంటుంది. కాళ్ళలో కనబడే జబ్బుకు వేరు తలలో ఉన్నది.

మరి మెదడుకు దెబ్బ ఎప్పుడు తగిలింది? దీనికి లిటిల్ గారు తల్లులను అడిగారు. నెలలు నిండకముందే పుట్టాడా, కాన్పు కష్టమైందా, పుట్టగానే ఏడ్చాడా, మొదటి దినములలో మూర్ఛలు వచ్చినవా అని ఒక్కొక్కరిని విచారించి వ్రాసుకున్నారు. 1843లో చేసిన ప్రసంగములలోనే ఈ సంగతి ఎత్తారు. అవి లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయ్యాయి. 1853లో దేహ వైకల్యములపై తాను ప్రచురించిన గ్రంథములోను దీనిని వివరించారు. చివరకు 1861 అక్టోబరు 2వ తేదీన, లండన్ ప్రసూతి వైద్యుల సంఘము యెదుట తన ప్రసిద్ధమైన పత్రమును చదివారు. అందులో 47 మంది పిల్లల వృత్తాంతములు ఉన్నవి.

కాన్పులో ఊపిరాడని బిడ్డకు రెండే దారులని, అనగా చనిపోవుట లేదా పూర్తిగా కోలుకొనుట అని, వైద్యులు అంతవరకు అనుకొనేవారు. మూడవ దారి కూడ ఉన్నదని లిటిల్ గారు వాదించారు. బిడ్డ బ్రతుకుతుంది గాని, ఊపిరాడని ఆ సమయములో మెదడుకు కలిగిన నష్టము జీవితమంతయు వెంట వస్తుంది. ఈ సంగతిని తనకు ముందు వైద్యులు సరిగా వ్రాయలేదనుచు, నెలలు నిండక వికల దేహముతో పుట్టినట్లు షేక్స్‌పియర్ తన నాటకములో చూపిన మూడవ రిచర్డు రాజును ఆయన ప్రస్తావించారు.

ప్రసూతి వైద్యులు ఆ మాటలను తేలికగా అంగీకరించలేదు. కష్టమైన కాన్పులు తాము ఎన్నో చూచామనీ, అట్టి పిల్లలు తమకు కనబడలేదనీ సందేహించారు. వారు చూచేది కాన్పు గదిని. బిడ్డ నాలుగేండ్లకు నడువలేక లిటిల్ గారి వద్దకు వచ్చేసరికి వారు అక్కడ ఉండరు. తొలి దినము మొదలు చివర వరకు చూచినది తల్లి ఒక్కతే. అందుచేతనే ఆయన తల్లిని అడిగారు. ఆ పత్రము ప్రచురణయైన తరువాత ఈ జబ్బును లోకమంతటను లిటిల్ జబ్బు అని పిలువసాగారు. నేడు దీనిని సెరిబ్రల్ పాల్సీ, మస్తిష్క పక్షవాతము అంటున్నారు.

ఆయన వదలిపెట్టని పిల్లలు

మా మనస్సుకు తగిలిన సంగతి మరొకటి ఉన్నది. ఈ పిల్లల బుద్ధి అందరికీ ఒకే రీతిగా ఉండదని లిటిల్ గారు గమనించి వ్రాశారు. కొందరికి మందముగా ఉంటుంది, కొందరికి ఏ లోపమూ ఉండదు. మాట రాకపోవుట వేరు, బుద్ధి లేకపోవుట వేరు. నాలుకను కదిలించే కండరము కూడ బిగుసుకుంటుంది గనుక మాట ముద్దగా వస్తుంది.

మేము తిప్పి పంపిన ఆ బాలుడు తరువాత కొన్ని ఏండ్లు తల్లితో మన ఆరాధనకు వచ్చేవాడు. కిటికీ ప్రక్కన గోడకు ఆనించి కూర్చోబెట్టేది. ఒకనాడు కీర్తన మొదలుపెట్టబోతూ పాటలు నడిపించే సహోదరుడు సంఖ్య మరచిపోగా, ఆ బాలుడు వంకర వ్రేళ్ళతో, మూడుసార్లు తప్పి నాలుగవసారి, అంకెలను చూపించాడు. సంఖ్య సరియైనదే. ఆ తరువాత పిల్లలు ఆటగా ఏ కీర్తన మొదటి పాదము చెప్పినను వాడు సంఖ్య చూపించేవాడు. పుస్తకము చదువుట నేర్పిన వారు లేరు. విని, విని, మనస్సులో పెట్టుకున్నాడు. అట్టివానికి బుద్ధి లేదని వ్రాసినది మేము. ఆ కుటుంబము పని వెదకుకొనుచు వేరొక ఊరికి వెళ్ళిపోయింది. వాని పేరు ఏ రిజిస్టరులోను చేరలేదు.

లిటిల్ గారు చేసిన వైద్యము అద్భుతము కాదు, ఓపిక. బిగుసుకున్న అవయవములను చేతులతో మెల్లగా సాగదీయుట, బద్దలు కట్టుట, వ్యాయామము చేయించుట, అవసరమైన చోట స్నాయువును కోసి మడమను దించుట. చాల కష్టములో ఉన్న పిల్లలు కూడ విడువక చికిత్స చేస్తే కొంతైనా మెరుగుపడతారని ఆయన అనుభవము.

తరువాత తేలిన సంగతులు

1889లో విలియం ఆస్లర్ అను వైద్యుడు 151 మంది పిల్లల వృత్తాంతములతో ఈ జబ్బుపై గ్రంథమును ప్రచురించారు. మనస్తత్వ శాస్త్రమునకు పేరుపొందిన సిగ్మండ్ ఫ్రాయిడ్ అంతకు ముందు నరముల వైద్యుడు. కష్టమైన కాన్పు కారణము కాక, గర్భములోనే మొదలైన లోపమునకు ఒక గుర్తు మాత్రమే కావచ్చునని 1897లో ఆయన వాదించారు. 1980లలో అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధనలు ఆ మాటకు బలమిచ్చాయి. కాన్పులో ఊపిరాడకపోవుట వలన ఈ జబ్బు వచ్చినవారు కొందరే. నెలలు నిండకుండ పుట్టుట, గర్భములోని అంటురోగములు, మెదడులో రక్తప్రసరణ ఆగుట, జన్యు లోపములు, పుట్టిన తరువాత తీవ్రమైన పచ్చకామెర్లు, మెదడువాపు జ్వరములు కూడ కారణములే. సమయానికి వైద్యసహాయము అందని ప్రాంతములలో మాత్రము కాన్పు కష్టముల పాలు ఎక్కువ.

గనుక లిటిల్ గారు చెప్పినది అంతా సత్యము కాదు, అంతా తప్పు కాదు. ఆయన చూపిన మూడవ దారి నిజమే. అయితే ప్రతి బిడ్డ విషయములోను మంత్రసానినో, నర్సునో, తల్లినో దోషిని చేయుటకు దానిని వాడుకొనకూడదు. చాలా సార్లు ఎవరి దోషమూ ఉండదు.

చివరి దినములు

లిటిల్ గారికి వృద్ధాప్యములో చెవుడు వచ్చింది. తల్లుల మాట విని విని పేరు పొందిన ఆయనకు వినికిడియే పోయింది. 1884లో వైద్యవృత్తి నుండి విరమించుకొని, 1894 జులై 7వ తేదీన కెంట్ జిల్లాలోని వెస్ట్ మాలింగ్‌లో, తన 83 ఏండ్ల వయసులో కన్నుమూశారు. కుమారులలో ఇద్దరు, లూయీ స్ట్రోమేయర్ మరియు ఎర్నెస్ట్ మ్యూర్‌హెడ్, తండ్రి మార్గములోనే శస్త్రవైద్యులయ్యారు.

మన ఇండ్లలో

మన దేశములో 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ మొదలై, ఇట్టి పిల్లలకు చదువును, చికిత్సను ఒకే చోట అందించుట చూపింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించింది. వాటిలో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. నిర్ణీత స్థాయి వైకల్యముగల పిల్లలకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఉన్నది. మేము ఆనాడు చేసినట్లు నేడు ఏ ఉపాధ్యాయుడును చేయుటకు వీలులేదు.

సంఘములోని పెద్దలకు, మరి ముఖ్యముగా అత్తలకు, అమ్మమ్మలకు కొన్ని మాటలు. కాన్పు ఆసుపత్రిలోనే జరగనీయండి. పుట్టిన బిడ్డ ఏడ్వకపోతే మొదటి నిమిషము బంగారము వంటిది. తుడిచి, వీపు రాచి, అవసరమైతే మాస్కుతో ఊపిరి అందించే చేయి ఆ నిమిషములోనే కావలెను. బిడ్డ ఒళ్ళు పసుపు పచ్చనైతే ఎండలో పెట్టి ఊరుకొనక చూపించండి. నాలుగు నెలలు దాటినను మెడ నిలువకపోయినా, తొమ్మిది నెలలకు కూర్చోలేకపోయినా, ఏడాది లోపలనే ఒక్క చేతినే వాడుచున్నా, కాళ్ళు బిగుసుకొని కత్తెర వలె పడుచున్నా, తాయెత్తులతోను నూనెలతోను కాలము పోగొట్టక పిల్లల వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళండి. మెదడుకు కలిగిన నష్టము పోదు గాని, ఫిజియోథెరపీ ఎంత త్వరగా మొదలైతే కీళ్ళు అంత తక్కువ ముడుచుకుంటాయి. కన్నడము రాని తల్లి వెంట కన్నడము వచ్చిన సహోదరి ఒకరు ఆసుపత్రికి వెళ్ళుట కూడ సంఘము చేయదగిన పరిచర్యయే.

అట్టి బిడ్డను ఎత్తుకొని ఒక తల్లి మన గుమ్మము వద్దకు వస్తే, ఆమె ఏమి పాపము చేసిందని అడుగవద్దు. లిటిల్ గారు అడిగినట్లు, బిడ్డ పుట్టిన దినమున ఏమి జరిగిందని అడిగి, కూర్చోబెట్టి, చివరి వరకు వినండి. మేము ఒకనాడు వినలేదు. ఆ బాలుడు నేడు ఎక్కడ ఉన్నా నలభై ఏండ్లకు దగ్గరగా ఉంటాడు. మీ సంఘములో కిటికీ ప్రక్కన కూర్చుని, కీర్తనల సంఖ్యలు వ్రేళ్ళతో చూపేవాడు ఎవరైనా ఉంటే, హగరిలోని ఒక ముసలి మాస్టరు క్షమాపణ అడుగుతున్నాడని దయచేసి చెప్పండి.